వేడి పాలు పోయగానే కార్న్‌ఫ్లేక్స్ ఎందుకు మెత్తబడిపోతాయి?

చల్లటి పాలకన్నా వేడి పాలు ఆ రేకుల్లోకి చాలా త్వరగా ఇంకిపోతాయి, అందుకే. మొక్కజొన్న రవ్వను ముందే ఉడికించి, రోలర్ల మధ్య పల్చగా నొక్కి, తేమ పోయేదాకా కాలుస్తారు. రేకు మీద చిన్న చిన్న బుడగలు లేస్తాయి చూడండి, కరకర అంతా ఆ పొడిదనం వల్లే, అది పోతే ఇక రుచేముంది!

కార్న్‌ఫ్లేక్స్ తయారుచేసే కెలాగ్స్ కంపెనీ మన దేశానికి 1994లో వచ్చింది, అప్పటికే పొద్దున్నే వేడి పాలు మనకు అలవాటు. బెంగళూరు మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ఇప్పటికీ గిన్నె నిండా ఫ్లేక్స్ వేసుకుని పొగలు కక్కే పాలు పోస్తారు, టేబుల్ దగ్గర కూర్చునేలోపే అది జావ. ఫ్రిజ్‌లోని పాలు పోసి వెంటనే తింటే కరకర కాసేపు నిలుస్తుంది.

సరుకు పాతదనో నాసిరకమనో చాలామంది అనుకుంటారు, కాదు, అప్పుడే విప్పిన ప్యాకెట్ అయినా వేడి పాలల్లో ఇంతే.