పాత క్యాంపర్ వ్యాన్‌కు నిచ్చెన మార్పిస్తే ఆర్.సి.కి ఇబ్బంది వస్తుందా?

సందేహం: మా పాత మినీ బస్సు సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్‌గా ఆర్.సి.లో నమోదై ఉంది. టాపు మీదికి ఎక్కే వెనుక అల్యూమినియం నిచ్చెన తెల్లటి పొడి రాలుస్తుంటే రంగు వేయించడానికి రేణిగుంట రోడ్డులోని ఒక షెడ్డుకు ఇచ్చాను. రంగు నిలవదని చెప్పి, ఇనుప గొట్టాలతో వెల్డింగ్ చేసిన కొత్త నిచ్చెన బిగించారు. ఒక్క వానాకాలానికే బోల్టుల కింద తుప్పు చారలు దిగాయి, లోపలి ప్లైవుడ్ ఉబ్బింది, కింది బిగింపు ఒకటి ఊడింది. అడిగితే పాత బండికి గ్యారంటీ ఉండదంటున్నారు. ఫిర్యాదు చేస్తే అనుమతి లేకుండా బండిని మార్చినందుకు నాకే జరిమానా పడుతుందనీ అంటున్నారు. బిల్లు ఇవ్వలేదు, డబ్బు యూపీఐ ద్వారా పంపాను. త్వరలో ఆర్.సి. రెన్యువల్ ఉంది. నేనేం చేయాలి? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: షెడ్డువారి బెదిరింపులో పస లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్.సి.లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను గట్టిగానే సమర్థించింది. అయితే, వాహనపు మౌలిక లక్షణం మారిపోయేలా దాని నిర్మాణంలో చేసే మార్పునే ‘మార్పు’గా పరిగణించాలని ఆ సెక్షన్ కింది వివరణే చెబుతోంది. ఉన్న చోటే, దాదాపు అదే కొలతతో, పాత నిచ్చెన తీసి కొత్తది బిగించడం ఆ నిర్వచనంలోకి రాదని నా అభిప్రాయం. ఇందుకు కేంద్ర మోటారు వాహన నియమాలలోని 93వ నియమం కూడా తోడ్పడుతుంది. వాహనం మొత్తం పొడవును కొలిచేటప్పుడు, టాపు మీదికి సామాను ఎక్కించడానికి, దించడానికి వాడే నిచ్చెనను లెక్కలోకి తీసుకోనక్కర్లేదని ఆ నియమం స్పష్టంగా పేర్కొంటుంది. నిచ్చెనతో పాటు టాపు మీద బరువైన క్యారియర్ కూడా కట్టించి ఉంటే మాత్రం ఎత్తు, బరువుల ప్రశ్న వస్తుంది. అప్పుడు సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడే అవకాశాన్ని కొట్టిపారేయలేము. రెన్యువల్‌కు ఫారం 25తో బండిని తీసుకువెళ్లినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసేది, ఆ నిచ్చెన నంబరు ప్లేటుకు గానీ వెనుక లైట్లకు గానీ అడ్డు వస్తోందా, బిగింపు గట్టిగా ఉందా అన్నదే. ఈ రెంటిలో రెండోదే మీకు ఇబ్బంది.

ఇక అసలు వివాదం షెడ్డువారితో. డబ్బు తీసుకుని చేసిన పని సరిగా లేకపోతే అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపమే. దానికి గ్యారంటీ కాగితంతో నిమిత్తం లేదు. బిల్లు ఇవ్వకపోవడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది కాబట్టి, బిల్లు లేదన్న మాట మీకంటే వారికే ఎక్కువ నష్టం. వారు పట్టుకోగల బలమైన వాదన ఒక్కటే: గోడ లోపలి చెక్క అప్పటికే కుళ్లి ఉందని. దీనికి సమాధానం మీ బండి మీదే ఉంది. అల్యూమినియం రేకు మీద ఇనుప పట్టీని మధ్యలో రబ్బరు వాషరు గానీ, నీరు చొరబడని సీలెంటు గానీ లేకుండా బిగిస్తే, తడి తగిలిన చోట రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై రేకు తినేస్తుంది. బోల్టు రంధ్రం పెద్దదై వాన నీరు నేరుగా ప్లైవుడ్‌లోకి దిగుతుంది. పాత నిచ్చెన రంధ్రాలను పూడ్చకుండా పక్కనే కొత్తవి వేసి ఉంటే నీటికి అది రెండో దారి. కాబట్టి మరో షెడ్డుకు ఇచ్చి మరమ్మతు చేయించకముందే, ఒక్కో బిగింపును దగ్గరగా ఫొటోలు, వీడియో తీయించి, లైసెన్సు ఉన్న వాహన సర్వేయరు చేత గానీ ఆటోమొబైల్ ఇంజనీరు చేత గానీ పరీక్ష చేయించి రాతపూర్వక నివేదిక తీసుకోండి. ముందే బాగు చేయించుకుని, సాక్ష్యం పోగొట్టుకుని వచ్చే క్లయింట్లను కోర్టులో తరచూ చూస్తుంటాను.

పాత నిచ్చెన ఎక్కడుందో మీరు రాయలేదు. అది మీ ఆస్తి. తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. తెల్లటి పొడి అల్యూమినియానికి పట్టే ఆక్సైడ్ మాత్రమే. గొట్టం పలచబడకుండా, అతుకుల దగ్గర పగలకుండా ఉంటే, సాన పట్టి, అల్యూమినియానికి తగిన ప్రైమర్ కొట్టి రంగు గానీ పౌడర్ కోటింగ్ గానీ వేయవచ్చు, అది నిలుస్తుంది. బాగున్న నిచ్చెనను పనికిరాదని నమ్మించి మార్పించారని తేలితే మీ కేసు మరింత బలపడుతుంది.

మొదట స్పీడ్ పోస్టులో, అందినట్టు రసీదు వచ్చే పద్ధతిలో, పదిహేను రోజుల గడువుతో నోటీసు పంపండి. స్పందన లేకపోతే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. యూపీఐ చెల్లింపు వివరాలు, వాట్సాప్ సంభాషణలు భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63(4) కింద ఎలక్ట్రానిక్ రికార్డులను ధ్రువీకరించే సర్టిఫికెట్‌తో జతచేయండి. నిచ్చెన ఖర్చు, గోడ మరమ్మతు అంచనా, నివేదిక రుసుము, కొంత పరిహారం అడగండి. లక్షల్లో మానసిక క్షోభ రాస్తే మిగతా లెక్క మీద కూడా నమ్మకం తగ్గుతుంది. ఈ బండిని ఎప్పుడైనా అద్దెకు ఇచ్చి ఉంటే ఆ సంగతి మీ న్యాయవాదికి ముందే చెప్పండి. సొంత వాడకానికి నమోదైన వ్యాన్‌ను కిరాయికి తిప్పారంటే, వాణిజ్య ప్రయోజనానికి సేవ తీసుకున్నారు కాబట్టి మీరు వినియోగదారు కారన్న అభ్యంతరం అక్కడే లేస్తుంది.

ఒక బిగింపు ఊడిన నిచ్చెనతో బండిని ఘాట్ రోడ్డు ఎక్కించకండి. లోపం తెలిసీ ప్రమాదకరంగా నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 కింద బాధ్యత షెడ్డువారిది కాదు, మీది. పరీక్ష పూర్తయిన రోజునే, ఆ ఇంజనీరు సమక్షంలో నిచ్చెన విప్పించి, బోల్టులతో సహా సంచిలో కట్టి, తేదీ రాసి భద్రపరచి, రంధ్రాలను తాత్కాలికంగా మూయించండి.