పాపతో కలిసి నీట్ రాయాలనుకుంటున్న అమ్మకు

ఉత్తరం పొడుగ్గా ఉంది. అందులోని ముఖ్యమైన మాటలివి:

"మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర పల్లె. నాకు 43 ఏళ్లు. 2000లో బైపీసీతో ఇంటర్ పాసయ్యాను. ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కూర్చుంటానంటే నాన్న ఒప్పుకోలేదు, పెళ్లి చేసేశారు. మా ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. పాపకు ఇంటర్ పాఠాలు ఒప్పజెప్పించుకుంటుంటే నాకే మళ్లీ ఆ చదువు మీద మనసు పుట్టింది. నిరుడు దూరవిద్యలో బీఎస్సీలో చేరాను. ప్రాక్టికల్స్‌లో రొయ్య మీసాలూ కాళ్లూ విడదీసి 19 జతలూ అట్ట మీద వరుసగా పెడుతుంటే, ఇన్నేళ్లుగా వలిచి పారేసింది ఇదా అని కళ్లనీళ్లొచ్చాయి. పాప నెల్లూరు హాస్టల్లో రెండోసారి లాంగ్‌టర్మ్‌లో ఉంది. ఇంటర్లో లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్ ఉండే ఎంఈసీ అడిగింది గానీ మేమే బైపీసీలో చేర్చాం. ఇంటికొస్తే గుంటల మేత లెక్కలు, కరెంటు బిల్లులు అదే చూస్తుంది. ఈ మధ్య ఫోన్లో సరిగా మాట్లాడటం లేదు. అన్నం కూడా సరిగా తినడం లేదని వార్డెనమ్మ చెప్పింది. పోయినసారి వచ్చినప్పుడు జువాలజీ పుస్తకం నా ఒళ్లో పడేసి 'ఈ పరీక్షేందో నువ్వే రాసుకోమా' అంది. నీట్‌కి వయసుతో పని లేదంటున్నారు. నేనూ పాపతో పాటు రాస్తే దానికి పట్టుదల వస్తుందా? ఈ వయసులో నాకు చదివింది గుర్తుంటుందా? ఆడపడుచులు నవ్వుతున్నారు. ఎవరైనా అడిగితే పాపకు చెప్పడానికే చదువుతున్నానంటున్నాను."

అమ్మా,

అడిగినవి ముందు తేల్చేస్తాను. నీట్‌కు గరిష్ఠ వయసు నిబంధన 2022లో ఎత్తేశారు. బైపీసీ పాసయ్యారు కనుక రాయొచ్చు. రొయ్య అవయవాలు 19 జతలూ వరుస తప్పకుండా పెట్టిన మనిషికి చదివింది గుర్తుండదంటే నేను నమ్మను. ఆడపడుచులు నవ్వితే నవ్వుకోనివ్వండి.

నేను రాయాల్సింది మీ పాప గురించి. "నువ్వే రాసుకోమా" అని పుస్తకం ఒళ్లో పడేసిన పిల్ల మిమ్మల్ని పరీక్షకు రమ్మని పిలిచిందనుకున్నారా? ఇక నా వల్ల కాదమ్మా అని చెప్పింది. రెండేళ్లుగా నోట్లో నలుగుతున్న మాట అలా బయటికొచ్చింది. మీరు దాన్ని సలహాగా తీసుకుని దరఖాస్తు పెట్టడానికి సిద్ధపడ్డారు.

మీరూ రాశారనే అనుకుందాం. 720 మార్కుల్లో జీవశాస్త్రానివే 360. అందులో పాపకంటే మీకు పది మార్కులు ఎక్కువొచ్చాయనుకోండి. "ఇంటిపని చేసుకుంటూ మీ అమ్మ తెచ్చుకుంది, హాస్టల్లో కూర్చుని చదివి నువ్వు తేలేకపోయావు" అని మీ బంధువుల్లో ఎవరో ఒకరు అనకుండా ఉంటారా? మీరు అనకపోయినా అంటారు. తక్కువొస్తే, నా కోసం అమ్మ పదిమందిలో పలచనైందని ఆ పిల్ల కుమిలిపోతుంది. ఎటు తిరిగినా దెబ్బ దానికే. పట్టుదల ఇలా రాదమ్మా.

ఇంకో మాట చెబుతాను, నొచ్చుకోకండి. మీకు దక్కని ఆ లాంగ్‌టర్మ్ ఏడాదిని పాప చేత రెండుసార్లు చదివించారు. మీ నాన్నగారు మిమ్మల్ని అడక్కుండా చదువు మాన్పించారు. మీరు పాప అడిగింది కాదని వేరే చదువు అంటగట్టారు. ఆ రోజు మీరెంత ఏడ్చి ఉంటారో మీ ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. అలాంటి మీరు ఇంకో ఆడపిల్ల నోరు నొక్కితే ఎలా? కన్నబిడ్డ మన పాత బాకీ తీర్చడానికి పుట్టలేదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ విషయంలో మీకు నచ్చేలా రాయడం నా వల్ల కాదు.

మీ చదువు దగ్గరికి వస్తాను. ఉత్తరంలో నాకు సంతోషం కలిగించింది అదే. మీరు విడదీసిన ఆ 19 జతల్లో మొదటిది చిన్న మీసాలు. వాటి మొదట్లో ఓ చిన్న తిత్తి, అందులో ఇసుక రేణువులు ఉంటాయి. తన ఒళ్లు ఎటు ఒరిగిందో రొయ్యకు తెలిసేది వాటి వల్లే. గుల్ల విడిచినప్పుడల్లా ఆ ఇసుకా పోతుంది, మళ్లీ కొత్త రేణువులు పెట్టుకుంటుంది. 1893లో క్రైడిల్ అనే శాస్త్రవేత్త, గుల్ల విడిచిన రొయ్యలకు ఇసుక బదులు ఇనుప రజను అందుబాటులో ఉంచాడు. అవి దాన్నే తిత్తిలో పెట్టుకున్నాయి. అప్పుడు పైనుంచి అయస్కాంతం చూపిస్తే, పైదేదో కిందిదేదో తెలియక వెల్లకిలా తిరిగాయి! ఇది చదవగానే మీరు పొయ్యి కట్టేసి పుస్తకం తీస్తారని నాకు తెలుసు. మీ పాపకు ఇది నాలుగు మార్కుల బిట్టు, తప్పు పెడితే ఒక మార్కు పోతుంది. అది ఆ పిల్ల తప్పు కాదు. తనకు లెక్కలంటే ఇష్టం. మేత బస్తాలు, కరెంటు బిల్లులు ఎవరూ చెప్పకుండానే చూస్తుందని రాసింది మీరే కదా.

మీరు రాసిన పేజీల్లో రోగి అన్న మాట ఎక్కడా కనబడలేదు. ఉల్లి వేరు కొనలో విడిపోతున్న కణాలున్నాయి. పగలంతా గుంటకు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి దాన్ని పీల్చుకుంటుందని, తెల్లవారుజామున నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఆగితే రొయ్య పైకి తేలేది అందుకేనని మీ ఆయనకు విడమరిచి చెప్పిన సంగతి ఉంది. గుంటల మీద బతికే మనిషి కూర్చుని విన్నారంటే చిన్న విషయం కాదు. మీకు కావాల్సింది డాక్టరు బోర్డు కాదమ్మా, ఈ చదువే. అది మీ చేతిలోనే ఉంది. డిగ్రీ అయ్యాక మీ జిల్లాలోనే, కాకుటూరు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో మెరైన్ బయాలజీ ఎమ్మెస్సీ ఉంది. అప్పటికి మీకు యాభై దాటవు.

ఒక్క షరతు. ఎవరడిగినా "పాపకు చెప్పడానికి" అనడం ఈ రోజుతో మానేయండి. "నాకిష్టం, చదువుకుంటున్నా" అనండి. ఆ అబద్ధం వల్ల మీ చదువు బరువు కూడా పాప నెత్తినే పడుతోంది. ఆయన ఏమీ అనరని రాశారు, అది చాలదు. పరీక్షల రోజుల్లో వంట సంగతి, ఫీజు సంగతి నోరు తెరిచి అడగండి.

ఈ ఆదివారమే నెల్లూరు వెళ్లండి. ఇద్దరూ వెళ్లండి. మెటీరియల్, టెస్టు మార్కుల కాగితాలు, ఆడపడుచుల కబుర్లు ఏవీ తీసుకెళ్లొద్దు. పాపను బయటికి తీసుకొచ్చి అన్నం పెట్టించి, "ఎంఈసీ అడిగితే వినలేదు, తప్పు మాదే. ఇప్పుడు ఏం చేద్దామంటావు?" అని అడగండి. ఆ మాట ముందు తండ్రి నోటి నుంచి రావాలి. పాప వెంటనే బదులివ్వకపోతే తొందరపెట్టొద్దు. కట్టిన ఫీజు ఊసు అసలు ఎత్తొద్దు. తిండి, నిద్ర తగ్గాయంటే తేలిగ్గా తీసుకోవద్దు. ఇంటికి వస్తానంటే ఆ రోజే పెట్టె సర్దించి తీసుకురండి. మరీ దిగులుగా ఉన్నట్టనిపిస్తే డాక్టరుకు చూపించండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, మీరైనా చేయొచ్చు, పాపైనా చేయొచ్చు.

బైపీసీ చదివినందుకు దారులేమీ మూసుకుపోలేదు. ఇంటర్ ఏ గ్రూపుతో పాసైనా చార్టర్డ్ అకౌంటెన్సీ తొలి పరీక్ష సీఏ ఫౌండేషన్ రాయొచ్చు. అలా కాక, ఈసారి నా ఇష్టంతోనే నీట్ రాస్తానని పాపే అంటే రాయనివ్వండి. ఆ మాట మీ మొహం చూసి అంటోందా, మనసులోంచి అంటోందా అన్నది తల్లిగా మీకే తెలుస్తుంది.

మీరు మాత్రం ఆ దరఖాస్తు పెట్టకండి. ముందున్న సెమిస్టర్ పరీక్షలకు చదవండి. ఆ మార్కులు ఎన్నొచ్చాయో నాకు రాయండి, పాప ఏమందో కూడా రాయండి.