ఆది జాకెట్టు

అమ్మాయీ,

నీ ఉత్తరమూ, లావు గురించీ ఒంటి గురించీ రాసి పుస్తకంగా వేద్దామనుకుంటూ నువ్వు ప్రింటు తీసి పంపిన ఇరవై మూడు పోస్టులూ అందాయి. ఫోన్లో చదవలేనని గుర్తుపెట్టుకుని పెద్దక్షరాల్లో తీయించావు, సంతోషం. పెళ్ళి పందిట్లో మీ మేనత్త నిన్ను అందరి ముందూ "డ్రమ్ము" అన్న పోస్టు రెండుసార్లు చదివాను. దానికి పదకొండు వేల లైకులొచ్చాయట. "అయినా మా అత్త ఇప్పటికీ అలాగే పిలుస్తోంది, ఏం రాస్తే ఆపుతుంది?" అని అడిగావు. పోస్టులన్నిటికన్నా నాకు ఆ ప్రశ్నే నచ్చింది.

ముందు ఓ చిన్న తగువు. "ప్రతి శరీరమూ అందమైనదే" అని ఏడుచోట్ల రాశావు. అందంగా ఎందుకుండాలే? మోకాళ్ళు అందంగా లేకపోతే మెట్లెక్కనివ్వరా? నువ్వు చేసే ఈ పోరాటానికి ఒక పుట్టిల్లుంది. 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వందలమంది లావు మనుషులు చేరి, హాయిగా తింటూ, డైటింగ్ పుస్తకాలు తగలబెట్టారు. 1973లో లాస్ ఏంజెలెస్‌లో ఇద్దరు ఆడవాళ్ళు లావు మనుషుల విముక్తి ప్రణాళిక రాశారు. చదువులో, ఉద్యోగంలో, వైద్యంలో తమని వేరుగా చూడొద్దన్నారు. బరువు తగ్గిస్తామని డబ్బు చేసుకునే వ్యాపారాలు తమ శత్రువులన్నారు. మమ్మల్ని అందగత్తెలనండి అని వాళ్ళడగలేదు. ఆ మాట తర్వాత తర్వాత సబ్బుల ప్రకటనల్లోకి వచ్చి కూర్చుంది, నీ పోస్టుల్లోకి అక్కణ్ణుంచే వచ్చింది. (నాకు షుగరుంది, రోజూ మాత్ర వేసుకుంటాను. విముక్తి అంటే మాత్ర మానేయడమని మాత్రం ఎక్కడా రాయకు, నీకు పుణ్యముంటుంది.)

ఏం రాస్తే ఆపుతుంది అన్నావు కదా. రాత వల్ల ఆగినవి లేకపోలేదు. 90ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ కథ "ఆడవాళ్ళు ఏకమైతే" అని అక్షరాస్యత వాచకంలో పాఠమైంది. కూలికెళ్ళొచ్చి, వంటచేసి, రాత్రి బడిలో కూడబలుక్కుంటూ చదివిన ఆడవాళ్ళు తమ ఊళ్ళోనూ దుకాణం ఉందిగదా అనుకున్నారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో ఎత్తేశారనుకో, అది వేరే ఏడుపు. ఆ పాఠం రాతలో గొప్పేమీ లేదు. నలుగురు పక్కపక్కన కూర్చుని పైకి చదివారు, వాళ్ళ దెబ్బలు వాళ్ళ ఒంటిమీదే ఉన్నాయి.

మా లైబ్రరీ మేడమీద నెలకో ఆదివారం కూర్చుంటామని చెప్పాను కదా. పదకొండుమందిమి. మొదటిరోజు అందరం నీ పోస్టుల్లాగే మాట్లాడాం, సమాజం, దృక్పథం, గౌరవం అంటూ. టీ వచ్చాక ఒకావిడ, కప్పులోకి చూస్తూ, తను కొత్త జాకెట్టు కుట్టించుకుని ఆరేళ్ళయిందంది. పాత ఆది జాకెట్టు పట్టడం మానేసింది. కొత్తగా కొలతివ్వాలి. కొట్లో టేపు చుట్టి, అవతల పుస్తకంలో రాసుకునే కుర్రాడికి వినబడేట్టు "చెస్టు నలభై ఆరు" అని కేకేస్తారు. బల్లమీద కూర్చున్నవాళ్ళు తలెత్తుతారు. ఆ ఒక్క కేక కోసం ఆరేళ్ళు పెళ్ళిళ్ళకి పైట కప్పుకుని పాత చీరల్లోనే వెళ్ళింది.

మా పదకొండుమందిలో ఒకామెది టైలరింగ్ కొట్టు. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "ఆ కేకేసేది నేనే గదమ్మా" అంది.

తర్వాతి వారం ఆమె కొట్టుకెళ్ళాను. కుర్రాణ్ణి గుండీలు కుట్టే పనిలోకి మార్చింది. టేపు తనే పట్టి, చీటీమీద తనే రాసి, మడిచి గుడ్డలో గుచ్చుతోంది. లోపల రెండంగుళాల కుట్టు అడక్కుండానే వదులుతోంది. దీనికి ఒక్క లైకూ రాలేదు.

నా తప్పు కూడా చెప్పాలి. ఆ ఆరేళ్ళ జాకెట్టుని నేను కథ చేశాను. పేరు మార్చాను, ఊరు మార్చాను, ఆదివారం అనుబంధంలో అచ్చయింది, మంచి పేరొచ్చింది. ఆవిడ పత్రిక తెచ్చి నా బల్లమీద పెట్టి, "నా జాకెట్టు నువ్వెందుకు విప్పావక్కా?" అంది. జవాబు లేదు నా దగ్గర. ఆర్నెల్లు మీటింగుకి రాలేదు. ఇప్పుడు నీకిది రాస్తానని అడిగితే, "జాకెట్టు సంగతి రాయి, ఊరు రాయకు" అంది. అంతే రాశాను.

అప్పుడే నాకు రాజస్థాన్ పల్లె ఆడవాళ్ళ పుస్తకం గుర్తొచ్చింది. "శరీర్ కీ జాన్‌కారీ", అంటే ఒంటి గురించి తెలుసుకోవడం. వర్క్‌షాపుల్లో కూర్చుని ముట్టు, కాన్పు, గర్భం గురించి తాము తెలుసుకున్నది తామే రాసి, బొమ్మలేశారు. ముందు బట్టల్లేని బొమ్మ వేసి ఊళ్ళో చూపిస్తే, అలాంటి ఆడమనిషి ఊళ్ళో ఎక్కడ కనిపిస్తుందని ఒప్పుకోలేదట. వీళ్ళు బొమ్మకి ఘాగ్రా తొడిగారు. ఆ ఘాగ్రా కాగితపు మడత. చూడాలనుకున్నవాళ్ళు ఎత్తి లోపల చూస్తారు, వద్దనుకుంటే దించేస్తారు. ఢిల్లీలో కాళీ ఫర్ విమెన్ అనే స్త్రీవాద ప్రచురణ సంస్థవాళ్ళు దాన్ని అచ్చేశారు. రాసినవాళ్ళు డెబ్బై అయిదుమంది, అందరి పేర్లూ ఉండాలన్నారు. ఎంతవరకు ఎత్తాలో నేను తేల్చాను, వాళ్ళు ఆ మడతని చదివేవాళ్ళ చేతికే ఇచ్చారు. రచయితగా నాకు సిగ్గేసింది.

నీ పోస్టుల్లో మీ అమ్మ పొట్టమీద ఆపరేషన్ మచ్చ ఉంది, హాస్టల్లో నీ రూమ్మేటు మొహంమీద మీసం ఉంది. వాళ్ళనడిగావా? పుస్తకం వేసేముందు అడుగు. వద్దంటే తీసెయ్, ఎంత బాగా వచ్చిన పేరా అయినా సరే. నీది నువ్వు ఎంతైనా రాసుకో. "దేహం" అని కాకుండా తొడలు ఒరుసుకుని ఎండాకాలం మంట పుట్టడం గురించి రాయి. ఆస్పత్రిలో గొంతునొప్పి అని వెళితే ముందు బరువు చూసే మిషనెక్కించడం గురించి రాయి.

ఇక మీ అత్త. ఆవిణ్ణి ఆపే వాక్యం నా దగ్గర లేదు. పెళ్ళికాకముందు ఆవిణ్ణి ఏమని పిలిచేవాళ్ళో ఓసారి అడిగి చూడు, పోస్టు కోసం కాదు, ఊరికే. చెప్పకపోతే బలవంతపెట్టకు.

మేం మళ్ళీ కూర్చునేది వచ్చే నెల రెండో ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి, నువ్వూ రా. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు తొడలకి అచ్చులు పడేట్టు నొక్కుతున్నాయని కిందికి పంపేసి, బల్లలేయించాం. లిఫ్టు లేదు, మెట్లు ఇరవై రెండు, మధ్యలో ఆగడానికి ఒక స్టూలు పెట్టాం. నీ ఇరవై మూడింట్లో ఒక్కటే తీసుకురా, పైకి చదువుదువుగాని. ఆది జాకెట్టు ఏదైనా ఉంటే అదీ తెచ్చుకో, టైలరమ్మ ఆ రోజు ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ అక్క