దగ్గితే మూత్రం జారుతోంది: గర్భసంచి తీయించుకోవాలా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. నా వయసు 46 సంవత్సరాలు. మాది ఖమ్మం జిల్లాలోని ఒక పల్లె, అంగన్‌వాడీలో పని చేస్తున్నాను. నాకు ముగ్గురు పిల్లలు, మూడూ మామూలు కాన్పులే. నాలుగేళ్లుగా దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా, సరుకుల మూట ఎత్తినా మూత్రం జారిపోతోంది. మా ఊరి కోలాటం బృందంలో పదేళ్లు ఆడాను. ఇప్పుడు ఎగిరి అడుగు వేయగానే చీర తడుస్తున్నందువల్ల మానేశాను. పాత నూలు చీర ముక్కలు మడతపెట్టి పెట్టుకుంటున్నాను. ప్రయాణం ఉన్న రోజు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం లేదు. ఒక చోట చూపించుకుంటే గర్భసంచి వదులైంది, తీసేస్తే అన్నీ సర్దుకుంటాయి అన్నారు. ఇంకొక చోట టేపు వేసే చిన్న ఆపరేషన్ చాలన్నారు. లోపల జాలీ పెడితే ప్రమాదమని మా తోడికోడలు భయపెడుతోంది. నేను ఏది చేయించుకోవాలి? ఎన్నాళ్లకు మళ్లీ పనికి వెళ్లగలను?
పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట స్పష్టంగా చెబుతాను. మూత్రం జారడం ఒక్కటే మీ బాధ అయితే, దాని కోసం గర్భసంచి తీయించుకోవలసిన అవసరం లేదు. మూత్రాన్ని పట్టి ఉంచేది మూత్రాశయపు మెడ, మూత్రమార్గం చుట్టూ ఉండే కండరం, ఆ రెండింటికీ అడుగున ఆధారంగా ఉండే కటి కండరాలు, పొరలు. గర్భసంచికి ఆ పని లేదు, కాబట్టి దాన్ని తీసివేసినంత మాత్రాన సడలిన ఆధారం తిరిగి బిగుసుకోదు. గర్భసంచి తీయించుకుని, కుట్లు మానిన తరువాత కూడా అదే గుడ్డ మడతతో నా దగ్గరకు వచ్చిన స్త్రీలను చాలామందిని చూశాను కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత లెక్కల ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 8 శాతానికి పైగా ఉన్నారు. అధిక రక్తస్రావం, పెద్ద గడ్డలు, బయటికి జారిన గర్భసంచి వంటి కారణాలు ఉంటే తీయడం సబబే. మీ ఉత్తరంలో అలాంటి కారణం ఒక్కటీ నాకు కనిపించలేదు.

కాన్పుల సమయంలో కటి భాగంలోని కండరాలు, వాటి నరాలు సాగిపోతాయి. వయసు, బరువు, ఏళ్ల తరబడి మోసిన మూటలు, మానని దగ్గు, మలబద్ధకం ఆ సడలింపును పెంచుతాయి. దమ్ము చేసిన మడిలో నీళ్ల పైపును కాలితో తొక్కితే పైపు బురదలోకి దిగిపోతుందే తప్ప నీరు ఆగదు. అదే పైపును గట్టు మీద పెట్టి తొక్కితే ఆగుతుంది. మీరు దగ్గినప్పుడు పొట్టలో పుట్టే ఒత్తిడి మూత్రమార్గాన్ని నొక్కి మూయాలంటే దాని కింద గట్టు లాంటి ఆధారం ఉండాలి. ఆ ఆధారం మెత్తబడడమే మీ జబ్బు.

అయితే మూత్రం జారడమంతా ఒకే రకం కాదు. కొందరికి ఇంటి తాళం తీస్తుండగానో, కుళాయి చప్పుడు వినగానో ఆపుకోలేనంత వేగిరం కలిగి, గది చేరేలోపే పోతుంది. అది మూత్రాశయం తనంతట తాను ముడుచుకోవడం వల్ల వచ్చేది. దానికి మందులు, అలవాట్ల మార్పు పనిచేస్తాయి కాని టేపు ఆపరేషన్ పనిచేయదు, ఒక్కొక్కసారి ఎక్కువ చేస్తుంది కూడా. రెండూ కలిసి ఉన్నవారూ ఉంటారు. అందుకే మీరు మూడు రోజుల పాటు ఒక కాగితం మీద ఎప్పుడు ఎంత నీరు తాగారో, ఎప్పుడు ఎంత మూత్రం పోశారో, ఏ పని చేస్తుండగా జారిందో రాసి డాక్టరుకు చూపించండి. ఆ కాగితం కొన్నిసార్లు ఖరీదైన పరీక్ష కంటే ఎక్కువ చెబుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోవాలి, మూత్రం పోసిన తరువాత లోపల ఎంత మిగిలిందో స్కానింగులో చూడాలి. పరీక్ష బల్ల మీద మూత్రాశయం నిండుగా ఉండగా గట్టిగా దగ్గమని అడుగుతారు. దగ్గిన క్షణంలోనే చుక్కలు పడితే డాక్టరు కంటికే రోగం రుజువవుతుంది. ఆ పరీక్షకు సిగ్గుపడవద్దు, ముందుగా మూత్రం పోసి వెళ్లవద్దు.

ఆపరేషన్ మాట ఎత్తేముందు మూడు నెలలు కటి కండరాల వ్యాయామం చేయాలి. 1948లో అమెరికా స్త్రీవైద్యుడు ఆర్నాల్డ్ కీగెల్ ప్రచారంలోకి తెచ్చిన ఈ వ్యాయామం చేసి చూశానని చెప్పేవారిలో చాలామందికి దాన్ని ఎవరూ సరిగ్గా నేర్పలేదని నా అనుభవం. బిగించమనగానే ఊపిరి బిగబట్టి పొట్టను, పిరుదులను గట్టి చేస్తారు. అది కిందికి నెట్టడమే అవుతుంది. గాలి బయటికి పోకుండా మలద్వారాన్ని ఆపుకొన్నట్టు, అదే సమయంలో మూత్రాన్ని పైకి పీల్చుకొన్నట్టు లోపలికి లాగాలి. ఊపిరి మామూలుగా ఆడుతూనే ఉండాలి. మొదటిసారి డాక్టరు గాని ఫిజియోథెరపిస్టు గాని లోపలి పరీక్షలో వేలితో ఆ పట్టును చూసి, సరైన కండరమే బిగుస్తోందని చెప్పాలి. ఒక్కసారికి ఎనిమిదిసార్లు చొప్పున రోజుకు మూడు పూటలు చేస్తే చాలు. దీనితో పాటు బరువు ఎక్కువగా ఉన్నవారు కొంత తగ్గినా జారడం తగ్గుతుంది. నీళ్లు మానడం మాత్రం ఈ రోజుతో ఆపేయండి. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని మండించి, వేగిరాన్ని కొత్తగా తెచ్చిపెడుతుంది.

మూడు నెలలు నిజంగా చేసినా కోలాటం ఆడలేకపోతుంటే ఆపరేషన్ ఆలోచించడం న్యాయమే. ప్రాణానికి ప్రమాదం లేని జబ్బు కదా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. పదేళ్ల ఆటను మానుకోవలసి రావడం చిన్న నష్టం కాదు. మీకు చెప్పిన టేపు ఆపరేషన్‌ను స్వీడన్ వైద్యుడు ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ బృందం 1996లో వైద్యలోకానికి పరిచయం చేసింది. సుమారు ఒక సెంటీమీటరు వెడల్పు ఉన్న పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారపు అల్లిక పట్టీని, యోని ముందు గోడలో చిన్న కోత ద్వారా మూత్రమార్గం మధ్యభాగం కింద ఊయలలా ఉంచి, రెండు కొసలను జఘనాస్థి (పొత్తికడుపు అడుగున ముందు వైపు ఉండే ఎముక) వెనుక నుంచి పైకి తీస్తారు. 2001లో ఫ్రాన్సు వైద్యుడు డెలోర్మ్ వివరించిన రెండవ పద్ధతిలో కొసలు గజ్జల వైపు వెళతాయి. మొదటిదానిలో సూది మూత్రాశయానికి తగిలే అవకాశం కొంత ఎక్కువ కాబట్టి ఆపరేషన్ బల్ల మీదనే మూత్రాశయం లోపల దుర్బిణీ పెట్టి చూస్తారు. రెండవదానిలో గజ్జ, తొడ నొప్పి ఎక్కువ. అరగంట పని, ఎక్కువగా నడుముకు మత్తు ఇచ్చి చేస్తారు. పదిమందిలో సుమారు ఎనిమిది మందికి దగ్గినప్పుడు జారడం పోతుంది లేదా బాగా తగ్గుతుంది. మిగిలినవారిలో కొందరికి మూత్రం పోయడం కష్టమవుతుంది, కొందరికి కొత్తగా వేగిరం వస్తుంది, కొద్దిమందికి నెలల తరువాత, ఏళ్ల తరువాత కూడా పట్టీ యోని గోడలో బయటపడుతుంది.

మీ తోడికోడలు భయం ఊహ కాదు. మెష్ (మీరన్న జాలీ) వల్ల తీరని నొప్పికి గురైన స్త్రీలు పలు దేశాలలో గొంతెత్తారు. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లో యోని మార్గంలో వేసే పెద్ద మెష్‌ల అమ్మకం ఆపించింది. అవి అవయవాలు జారినప్పుడు వేసేవి, మూత్రం జారడానికి వేసే సన్నటి పట్టీ ఆ ఆజ్ఞలోకి రాలేదు. బ్రిటన్ మాత్రం 2018 జూలైలో ఆ పట్టీని కూడా నిలిపి ఉంచింది. కనుక మీరు తెలుసుకొని ఒప్పుకోవలసిన సంగతి ఇది: పట్టీ జీవితాంతం ఉండడానికి వేసేది, తరువాత వద్దనుకొంటే పూర్తిగా బయటికి తీయడం పెద్ద పని, కొన్నిసార్లు సాధ్యం కాదు. అల్లిక వద్దనుకొనేవారికి పొత్తికడుపు పొర నుంచి తీసిన పట్టీనే ఊయలగా వేసే ఆపరేషన్ ఉంది. కోత పెద్దది, ఆసుపత్రిలో మరికొన్ని రోజులు ఉండాలి, మూత్రం మామూలుగా రావడానికి ఎక్కువ కాలం పడుతుంది. కాని లోపల ఉండేది మీ శరీరపు పొరే. మూత్రాశయపు మెడను కుట్లతో పైకి పట్టి ఉంచే, 1961లో బర్చ్ అనే వైద్యుడు చెప్పిన పద్ధతిని ఇప్పుడు లాప్రోస్కోపీతో (చిన్న రంధ్రాల ద్వారా) కూడా చేస్తున్నారు. ఏది ఎంచుకొన్నా, ఆ ఆపరేషన్‌ను తరచుగా చేసే సర్జన్ దగ్గరే చేయించుకోండి. ఏడాదికి ఎన్ని చేస్తారు, ఇబ్బంది వస్తే తిరిగి ఎవరు చూస్తారు అని అడగడం మీ హక్కు.

ఇక పనికి ఎప్పుడు వెళ్లవచ్చు అన్నారు. టేపు ఆపరేషన్ అయిన రోజునో మరునాడో క్యాథెటర్ (మూత్రం కోసం పెట్టిన గొట్టం) తీసి, మీ చేతికి కొలత మగ్గు ఇచ్చి మూత్రం పోయమంటారు. ఎంత పోశారో, స్కానింగులో ఎంత మిగిలిందో రెండూ సరిపోయాకే ఇంటికి పంపాలి. ఆ కొలత తీయకుండా పంపిస్తుంటే మీరే అడగండి. ఇంట్లో తిరగడం, స్నానం, మెట్లు ఎక్కడం మొదటి రోజు నుంచీ మంచివే. కొద్దిపాటి ఎర్రటి మరక రెండు మూడు వారాలు కనిపించవచ్చు, లోపలి కుట్లు కరిగిపోయేవి కనుక తీయనవసరం లేదు. రెండు వారాలకు అంగన్‌వాడీకి వెళ్లి పిల్లలకు పాటలు నేర్పవచ్చు, రిజిస్టర్లు రాయవచ్చు. ఆరు వారాల దాకా సరుకుల మూట, నిండు బిందె, గ్యాస్ సిలిండర్, మారాం చేసే మనవడు, ఏదీ ఎత్తరాదు. భార్యాభర్తల కలయిక కూడా ఆరు వారాల తరువాతనే. మలబద్ధకం రానివ్వకండి, ముక్కడం కొత్త కుట్ల మీద బరువు ఎత్తడంతో సమానం. కోలాటానికి మాత్రం నా లెక్క మూడు నెలలు. ముందు నడక అడుగులు వేయండి, ఎగిరే అడుగులు ఆ తరువాత.

ఈ ఆరు వారాలే నాకు ఎక్కువ దిగులు కలిగించేవి. పైకి కోత కనిపించదు కనుక ఇంట్లోవారు బాగైపోయిందనుకొంటారు, నాలుగో రోజునే నీళ్ల బిందె చేతికి వస్తుంది. డిశ్చార్జి చేసేటప్పుడు మీ వారిని, పెద్ద పిల్లలను డాక్టరు ముందు కూర్చోబెట్టండి. ఎత్తరాదన్న మాట వారు డాక్టరు నోటి నుంచే వినాలి.

ప్రశ్న: నా వయసు 29. నాలుగు నెలల క్రితం మొదటి కాన్పు, నార్మల్ డెలివరీ. తుమ్మితే మూత్రం జారుతోంది. సెలవు అయిపోయేలోగా టేపు ఆపరేషన్ చేయించుకుందామనుకుంటున్నాను. చేయించుకోవచ్చా?
ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: ఇప్పుడు వద్దమ్మా. కాన్పులో సాగిన కండరాలు, నరాలు కోలుకోవడానికి నెలలు పడుతుంది, మొదటి ఏడాదిలో చాలామందికి వ్యాయామంతోనే తగ్గుతుంది. పైగా టేపు వేసిన తరువాత మళ్లీ గర్భం వస్తే దాని ఫలితం పోవచ్చు, కాబట్టి పిల్లలు ఇక చాలనుకొన్న తరువాతనే ఆ ఆలోచన చేయాలి. పైన చెప్పిన వ్యాయామాన్ని ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకొని, బిడ్డకు పాలిచ్చే ప్రతిసారీ చేయడం అలవాటు చేసుకోండి. తుమ్ము వస్తుందనిపించగానే ముందే బిగించి పట్టడం కూడా నేర్చుకోండి.

ప్రశ్న: నా వయసు 52. పన్నెండు రోజుల క్రితం టేపు ఆపరేషన్ జరిగింది. దగ్గితే ఒక్క చుక్క పడటం లేదు, అందుకు సంతోషమే. కాని మూత్రం సన్నటి ధారగా వస్తోంది, ముందుకు వంగితే తప్ప రావడం లేదు, వచ్చిన తరువాత కూడా ఇంకా ఉన్నట్టే ఉంటోంది. నెమ్మదిగా అదే సర్దుకుంటుందని ఇంట్లో అంటున్నారు. ఆగవచ్చా?
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆగవద్దు. ఈ ఉత్తరం అచ్చయ్యేలోగా మీరు ఆసుపత్రికి వెళ్లి ఉంటారని ఆశిస్తున్నాను, వెళ్లకపోతే ఈ రోజే వెళ్లండి. ధార కొద్దిగా నెమ్మదించడం మామూలే కాని, వంగితే తప్ప రాకపోవడం, ఇంకా మిగిలినట్టు ఉండడం పట్టీ బిగుతుగా ఉందేమోనన్న అనుమానం కలిగిస్తాయి. మూత్రం పోసిన వెంటనే స్కానింగులో మిగులు కొలిపించుకోండి, ఇన్ఫెక్షన్ కోసం మూత్ర పరీక్ష చేయించండి. మిగులు తక్కువగా ఉంటే, ఒకసారి పోసి లేచి నిలబడి, రెండు నిమిషాల తరువాత మళ్లీ కూర్చుని పోయడం వంటివి చెప్పి కొద్దిరోజులు చూస్తారు. ఎక్కువగా ఉంటే కొన్నాళ్లు క్యాథెటర్ పెడతారు, లేదా రోజుకు కొన్నిసార్లు మీరే సన్నటి గొట్టంతో తీసుకోవడం నేర్పుతారు. వినడానికి భయంగా ఉన్నా రెండు రోజులలో చేతికి అలవాటవుతుంది.

తొందరపడమనడానికి అసలు కారణం వేరే ఉంది. మొదటి రెండు వారాలలో పట్టీ చుట్టూ కండ ఇంకా గట్టిగా పట్టుకోదు కనుక, అవసరమైతే అదే కోత తెరచి దాన్ని కొద్దిగా కిందికి లాగి వదులు చేయవచ్చు. నెలలు గడిస్తే పట్టీని కత్తిరించవలసి వస్తుంది, అప్పుడు కొందరికి మూత్రం జారడం తిరగబెడుతుంది. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ రెండు వారాల అంచున ఉన్నారు. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, చలిజ్వరం వచ్చినా, రక్తపు గడ్డలు పడినా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా అర్ధరాత్రి అయినా సరే అత్యవసర విభాగానికి వెళ్లండి. వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం వెంట తీసుకువెళ్లండి. వేసిన పట్టీ ఏ రకమో, ఏ దారిన వేశారో అందులో రాసి లేకపోతే అక్కడే రాయించుకోండి.