ఉద్యోగం చేస్తూ చదివేవారికి గడువు పెంచితే అన్యాయమా?

ప్రశ్న: సాయంత్రం తరగతులు చెబుతుంటాను. సగం మంది పూర్తికాల ఉద్యోగులే. అసైన్‌మెంట్‌కు గడువు పెంచమని వాళ్లు అడుగుతారు. పెంచితే, ‘రాత్రంతా మేలుకుని రాసిన మేం పిచ్చివాళ్లమా’ అని మిగతావాళ్లు నిలదీస్తారు. ఏం చేయాలి?

జవాబు: ఇద్దరి మాటా సబబే. అడిగినవారికి మాత్రమే గడువు దొరకడంతోనే చిక్కంతా. మొహమాటస్తులు, అడగొచ్చని కూడా తెలియనివారు నష్టపోతారు. పైగా ఎవరి సాకు నిజమో తేల్చే పని మీ నెత్తిన పడుతుంది. ఉద్యోగులకంటూ వేరే రూలు పెట్టకండి. ఇంట్లో మంచానపడ్డవారిని చూసుకునే విద్యార్థికీ అదే ఇబ్బంది కదా. సడలింపేదో మొదటి తరగతికి ముందే రాసి అందరికీ ఇవ్వండి.

సెమిస్టర్‌కు తలా 5 ‘ఆలస్యపు రోజులు’, అంటే గడువు దాటినా మార్కులు కోయని రోజులు, కేటాయించండి. కారణం అడగొద్దు. ఒక్కో అసైన్‌మెంట్‌కు 2 రోజులకు మించి వాడనివ్వొద్దు. అప్పుడు 3వ రోజున జవాబులు చర్చించేయొచ్చు. ఈ హద్దు లేకపోతే, టైముకు ఇచ్చినవాళ్లు తమ తప్పులు తెలుసుకోవడానికి వారాల తరబడి ఆగాలి. అసలు అన్యాయం అది. 5 రోజులూ అయిపోయాక రోజుకు 10 శాతం కోత వేయొచ్చు. అయితే మొత్తం మార్కుల్లో 10 శాతమా, వచ్చిన మార్కుల్లోనా అన్నది స్పష్టంగా రాయండి. 100కి 60 వచ్చినవారు రెండు రోజులు ఆలస్యమైతే మొదటి లెక్కన 40, రెండో లెక్కన 48 మిగులుతాయి. తగాదాలన్నీ ఇక్కడే పుడతాయి.

నిజానికి గడువు పెంచడం కన్నా అసైన్‌మెంట్ ప్రశ్నలు ముందే ఇవ్వడం మేలు. సోమవారం ఇచ్చి శుక్రవారం అడిగితే చాలామంది ఉద్యోగులకు మధ్యలో ఒక్క సెలవూ రాదు. 14 రోజులిస్తే, వారాంతపు సెలవు ఏ రోజైనా సరే, రెండు దొరుకుతాయి. ‘బుధవారం రాత్రి 12’ అని మాత్రం రాయకండి. అది ఏ రాత్రో ఎవరికీ తెలియదు.

గ్రూప్ ప్రాజెక్టులకు ఆలస్యపు రోజుల పద్ధతి నప్పదు. ఒకరు ఆగితే మిగతావారి పనీ ఆగుతుంది. అక్కడ తేదీ మార్చకుండా పనిని మూడు నాలుగు దశలుగా విడగొట్టండి.

ప్రశ్న: వారానికి 48 గంటల ఉద్యోగం. నెలాఖరులో ఊపిరాడదు. గడువు ఎలా అడగాలి?

జవాబు: ఆఖరి రాత్రి అడగకండి. సెమిస్టర్ మొదట్లోనే ఆఫీసు నెలాఖరు పనులు, అసైన్‌మెంట్ తేదీలు ఒకే క్యాలెండర్‌లో వేసుకోండి. రెండూ ఢీకొనే చోట్లు మొదటి రెండు వారాల్లోనే చెప్పేయండి. ‘కొంచెం టైమివ్వండి సర్’ అంటే ఆయన ఏం తేల్చగలరు? ఏ అసైన్‌మెంట్, ఎంతవరకు అయింది, ఏ తేదీకి ఇస్తారు అన్న మూడూ రాసి, అయినంతవరకు జతచేయండి. రెండు మూడు రోజులు చాలు. వారం అడిగితే తర్వాతి అసైన్‌మెంట్ నెత్తి మీదికొస్తుంది.

ప్రతిసారీ అడగాల్సి వస్తోందంటే లోపం గడువులో లేదు, కోర్సుల సంఖ్యలో ఉంది. ఒక్కో క్రెడిట్‌కు (కోర్సు బరువును కొలిచే యూనిట్) వారానికి క్లాసులో గంట, ఇంట్లో రెండు గంటలన్నది మామూలు లెక్క. 3 క్రెడిట్ల కోర్సులు రెండు తీసుకుంటే 18 గంటలు, ఉద్యోగంతో కలిపి 66. కోర్సు మానుకునే చివరి తేదీ దాటకముందే ఒకటి తగ్గించుకోండి.

ప్రశ్న: చివరి నిమిషంలో ఫైలు అప్‌లోడ్ కాలేదు. ఒప్పుకుంటారా?

జవాబు: ఎర్రర్ కనిపించే స్క్రీన్‌షాట్ తీసి, అదే నిమిషంలో ఫైలును మెయిల్ చేసి ఉంటే అడగడానికి ఆధారం ఉంటుంది. అప్‌లోడ్ అయినా సరే, ఒకసారి డౌన్‌లోడ్ చేసి తెరిచి చూడండి. ఖాళీ ఫైలో, పాత డ్రాఫ్టో వెళ్లడం మామూలే.