పురుగుమందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కడితే సరిపోతుందా?

మీ నాన్నగారు పత్తికి మందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కడతారు, నీలం గుర్తున్న మందే తెస్తారు, ఇంకేం చూసుకోవాలి అని అడిగారు. ముక్కు సంగతి తర్వాత, ముందు ఒళ్లు చూడండి.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా, కోర్పనా వైపు. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. రెండూ వచ్చని, మందు మనిషి ఒంటికి ఎంత అంటుతుందో కొలిచే ఒక పరిశోధక బృందం వాళ్లు ఓ సీజనంతా నన్ను వెంట తిప్పుకున్నారు. సీసా మీది గుర్తు మందు ఎంత విషమో చెబుతుంది: ఎరుపు అన్నిటికంటే ఎక్కువ, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఒంటి మీద ఎంత పడింది, లోపలికి ఎంత దిగింది అన్నది అది చెప్పదు. వాళ్లు ఎక్స్‌పోజర్ అనేది దాన్నే. అది తెలియాలంటే మనిషినే కొలవాలి.

మా బావ చొక్కా పైన కొన్ని చోట్ల, లోపల అవే చోట్ల గుడ్డముక్కలు అంటించి, పని అయ్యాక ఊడదీసి ల్యాబుకు పంపారు. ఈ పద్ధతి 1960ల నుంచే ఉంది. ఇంకోరోజు పంపులో మెరిసే రంగు కలిపిన నీళ్లు పోసి కొట్టించి, చీకటి గదిలో అల్ట్రావయొలెట్ లైటు కింద నిలబెట్టారు. ముఖం మీద ఏవో నాలుగు చుక్కలు. పంపు మూత కారే చోట మాత్రం వీపు మీంచి చారిక ప్యాంటు లోపలికి దిగింది. ఆకులు రాసుకున్న తొడలు మెరిశాయి, కుడి బొటనవేలూ మెరిసింది. ఆ వేలితోనే బావ తంబాకు నలిపేది. అక్క తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఒంట్లో అన్ని చోట్లా చర్మం ఒకేలా పీల్చుకోదు. పారాథియాన్ అనే పురుగుమందు మీద 1971లో అచ్చయిన కొలతల్లో ముంజేతి మీద పెట్టిన మందులో 9 శాతం లోపలికి వెళ్తే, నుదుటి నుంచి 36 శాతం వెళ్లింది. వృషణాల చర్మం మీద పెట్టిందైతే దాదాపు మొత్తం. ప్యాంటులోకి దిగే చారికకు నేను అంతగా భయపడేది అందుకే. 2017లో పక్కనే యవత్మాల్ జిల్లాలో మందు కొడుతూ 20 మంది దాకా చనిపోయారు. ఆ ఏడు పత్తి మనిషి ఎత్తు పెరిగింది, కొట్టిన మందు మొహం మీదికీ ఛాతీ మీదికీ వచ్చింది.

కాబట్టి పంపు వాషర్ మార్చండి, వీపుకూ పంపుకూ మధ్య ప్లాస్టిక్ షీటు కట్టండి. సీసాలోది చిక్కటి మందు, కలిపేటప్పుడే నైట్రైల్ (ఒకరకం రబ్బరు) గ్లౌజులు కావాలి. పని కాగానే సబ్బుతో స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకాలి. మందుతో తడిసిన గుడ్డ ముక్కుకు కట్టుకుని ఉండటం కంటే తీసేయడమే మేలు.

ఇంకొకటి, కోలినెస్టరేజ్ అనే రక్తపరీక్ష. నరాల పనికి కావాల్సిన ఈ ఎంజైమును కొన్ని మందులు దెబ్బతీస్తాయి. దీని విలువ మనిషి మనిషికీ తేడా ఉంటుంది, అందుకే విత్తనాలు పెట్టకముందే ఒకసారి చేయించి కాగితం దాచండి. సీజన్లో మళ్లీ చేయిస్తే ఆ విలువ ఎంత తగ్గిందో తెలుస్తుంది. కాలిఫోర్నియాలో ఎర్రకణాల్లో ఈ విలువ ముందటి దానికంటే 30 శాతం తగ్గితే ఆ మనిషిని మందు పని నుంచి తప్పిస్తారు. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి మందులు వాడేవాళ్లకే ఈ పరీక్ష. పైరెథ్రాయిడ్లు అనే ఇంకో రకం మందులు మాత్రమే కొడితే దీంట్లో ఏమీ కనపడదు.