తొందర పెడుతున్నది ఎవరో చూడు

అమ్మా,

ఎస్సైగా మొదటి పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం. పోలీస్ ట్రైనింగ్ కాలేజీలో నేర్పినవి మళ్లీ నేను చెప్పను. ఒక్క విషయం మాత్రం రాస్తాను. ఎవరైనా నిన్ను తొందర పెడుతున్నారంటే, ఆలోచించే టైమ్ నీ దగ్గర్నుంచి లాగేసుకుంటున్నారన్నమాట.

జాన్ బాయిడ్ అని అమెరికా వైమానిక దళం పైలట్, కొరియా యుద్ధంలో పనిచేసినవాడు. పోరులో మనిషి బుర్ర ఎలా నడుస్తుందో నాలుగు ముక్కల్లో చెప్పాడు: చూడటం, అర్థం చేసుకోవడం, నిర్ణయించుకోవడం, పనిలోకి దిగడం. మన పోలీసోళ్లు రెండోది ఎగ్గొడతారు. చూడగానే లాఠీ ఎత్తుతారు.

యాక్సిడెంట్‌లో మనిషి పోయాడు, శవాన్ని రోడ్డు మీద పెట్టి ఊరంతా కూర్చుందనుకో. గుంపును చెదరగొట్టే అధికారం బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 148వ సెక్షన్ నీకు ఇస్తుంది, నిజమే. కానీ వెళ్లగానే దాన్ని బయటికి తీయకు. గట్టిగా అరిచేవాడు పెద్ద కాకపోవచ్చు. అరిచాక వాడు ఎవరి మొహం చూస్తున్నాడో కనిపెట్టు. ఆ మనిషిని పక్కకు పిలిచి మాట్లాడు. పదిమంది ముందు మాట్లాడితే ఆయన తగ్గాలనుకున్నా తగ్గలేడు. నీ వైపు నుంచి ఒక్క గొంతే వినపడాలి. కానిస్టేబుళ్లు నీ మొహం చూసే భయపడతారు, నీ మొహం చూసే ధైర్యం తెచ్చుకుంటారు.

వాళ్లకు ట్రైనింగ్ నువ్వే ఇచ్చుకోవాలి. భయంలో చూపు ఇరుకైపోతుంది, చేతులు వణుకుతాయి, పక్కవాడి మాట చెవికెక్కదు. అప్పుడు అలవాటైన పనే చేతికొస్తుంది. రోల్ కాల్ అయ్యాక పది నిమిషాలు చాలు. ఒకరిని తాగుబోతు వేషం వెయ్యమను, ఇద్దరు పక్కన గోల చెయ్యాలి, ఆ గోలలోనే వైర్‌లెస్ సెట్‌లో మెసేజ్ పంపించాలి. అయ్యాక ఏం జరిగిందో ముందు హోంగార్డును అడుగు. నువ్వు ముందు మాట్లాడితే మిగతావాళ్లంతా 'అవును మేడమ్' అనేస్తారు, నీకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

ఊళ్లలో మీటింగ్ పెట్టినప్పుడు పోలీసులమని వీడియో కాల్ చేసి, 'నిన్ను అరెస్ట్ చేశాం' అని బెదిరించి డబ్బు గుంజే 'డిజిటల్ అరెస్ట్' మోసం గురించి చెప్పు. భయపెట్టడం, తొందర పెట్టడం, ఇంట్లోవాళ్లకు చెప్పొద్దనడం, ఆ దొంగల పనంతా ఇదే. వీడియో కాల్‌లో అరెస్ట్ అనేది మన చట్టంలోనే లేదు. ఫోన్ కట్ చేసి ఇంట్లో ఒకరితో మాట్లాడితే సగం మాయ దిగిపోతుంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పమను. 'ఇంత చదువుకుని ఎలా మోసపోయారండీ' అని మాత్రం ఎవరినీ అడగకు. అలా అడిగితే రెండో బాధితుడు స్టేషన్ మెట్లెక్కడు.

ఇక నీ సంగతి. నక్సలైట్లను ఎదుర్కోవడానికి 1989లో గ్రేహౌండ్స్ దళాన్ని తయారుచేసిన పోలీసు అధికారి వ్యాస్ గారిని 1993లో నక్సలైట్లు కాల్చింది అడవిలో కాదు, హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో, జాగింగ్ చేస్తుండగా. అందుకే రోజూ ఒకే టైమ్‌కి, ఒకే దారిలో వాకింగ్‌కి వెళ్లకు. డ్యూటీ ఎక్కడ పడిందో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం ఈ రోజే మానెయ్. మీ అమ్మకు కూడా చెప్పు, ఆవిడ నీకంటే ఎక్కువ పెడుతోంది.

మీ పెదనాన్న